లైకెన్ గొప్పదా, శలభం గొప్పదా

మా కాలేజీలో బోటనీకీ జువాలజీకీ కలిపి ఒకటే హాలు ఉండేది. మధ్యలో గోడ లేదు. రెండు ఇనప బీరువాలు వీపులు ఆనించుకుని నిలబడి ఉండేవి, అదే సరిహద్దు. కిటికీ వైపు నాది, గుమ్మం వైపు జువాలజీ మాస్టారిది. ఫ్యాను సరిగ్గా ఆ బీరువాల నెత్తిన ఉండేది కాబట్టి గాలి ఇద్దరిలో ఎవరికీ తగిలేది కాదు. ఆ విషయంలో మాత్రం యాజమాన్యం పక్షపాతం చూపించలేదు.

నేను ఆ కాలేజీలో చేరింది తొంభైల చివర్లో. అప్పుడే ఎమ్మెస్సీ పూర్తయింది. చదువు కొత్త, చీర కొత్త, కోపం మాత్రం పుట్టినప్పటి నుంచి ముక్కు మీదే ఉంది. మాస్టారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. పలచగా, పొడుగ్గా ఉండేవారు. ఆయన వరండాలో నడిచి వెళ్తే బట్టల పెట్టె తెరిచినట్టు నాఫ్తలీన్ వాసన వచ్చేది. నన్ను 'అమ్మా' అని పిలిచేవారు. అంత ప్రేమగా పిలిచి, ఆ వెంటనే, "మొక్కల్లో ఏముందమ్మా, నిలబడతాయి, అంతే కదా" అనేవారు. నేను ఊరుకునేదాన్ని కాదు.

మా గొడవలకి మూలపురుషుడు యూగ్లీనా. కంటికి కనిపించని ఒంటికణం జీవి. ఆకుపచ్చగా ఉండి ఎండలో వంట చేసుకుంటుంది కాబట్టి మొక్క అని మేమంటాం. తోక ఊపుకుంటూ ఈదుతుంది కాబట్టి జంతువు అని వాళ్ళంటారు. రెండు పుస్తకాల్లోనూ దానికి పాఠం ఉంది. మా హాలు మొత్తానికి యూగ్లీనా స్లైడు మాత్రం ఒక్కటే. సాయంత్రం నా సొరుగులో పెట్టి తాళం వేసి వెళ్తే, పొద్దున్నకి ఆయన సొరుగులో ఉండేది. మళ్ళీ మధ్యాహ్నానికి నా సొరుగులోకి వచ్చేసేది. మేమిద్దరం మాట్లాడుకోని రోజుల్లో కూడా ఆ స్లైడు రాకపోకలు మానలేదు.

నాకు ప్రాణం లైకెన్లంటే. లైకెన్ అంటే ఒక్క జీవి కాదు. ఒక రకం బూజు, ఒక రకం పాచి కలిసి పెట్టిన కాపురం. బూజు ఇల్లు కడుతుంది, పాచి వంట చేస్తుంది. రెండూ కలిస్తే మట్టి లేని చోట, ఉత్త రాతి మీద కూడా బతికేస్తాయి. ఇలాంటి దాన్ని ప్రేమించిన మనిషి డెల్టాలో పుట్టడం ఖర్మ. మా వైపు రాయి అంటే రుబ్బురోలు, లేదంటే గుళ్ళో దేవుడు. ఎంత లోతు తవ్వినా నల్లమట్టే. కొబ్బరిచెట్ల మొదళ్ళకి తెల్లమచ్చల్లా ఉండే లైకెన్లతోనే సరిపెట్టుకునేదాన్ని. భూతద్దం పట్టుకుని చెట్టుని కౌగిలించుకుని నిలబడితే దారినపోయే వాళ్ళు సైకిలు దిగి, "ఏమైనా పోయిందాండీ?" అని అడిగేవారు.

మాస్టారికి ప్రాణం శలభాలు. వాటిని పురుగులంటే ఒప్పుకునేవారు కాదు. ఆయన బీరువా నిండా గాజుమూత పెట్టెలు, వాటిలో సూదులతో గుచ్చిన శలభాలు వరసల్లో ఉండేవి. ఏళ్ళ తరబడి వీధి లైట్ల కింద నిలబడి పట్టినవి. వాటన్నిటిలో ఆయనకి ముద్దొచ్చేది మాత్రం ఒక చిన్న డబ్బాలో దూది మీద ఉన్న ఒకే ఒక్క రెక్క. బూడిదరంగు, లేత ఆకుపచ్చ కలిసిన రెక్క. ఆయన కుర్రతనంలో మన్యం కొండల్లో దొరికిన శలభం తాలూకుది. మిగతా ఒళ్ళంతా చీడ తినేసింది. మళ్ళీ అలాంటిది ఆయన కంటపడలేదు. ఆ డబ్బాని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ జేబు తడుముకునేవారు.

ఇలా ఉండగా ఒకరోజు కాలేజీ కరస్పాండెంట్ గారు వచ్చి మా హాలంతా కలియదిరిగారు. ఆయనకి రైస్ మిల్లు ఉంది. మంచి మనిషే. కానీ ప్రపంచాన్నంతా మిల్లు గుమ్మంలోంచి చూసేవారు. ఏది కొన్నా గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి, ఉఫ్ మని ఊది, పంటి కింద వేసి కొరికి, తేమ ఎంతుందో చెప్పేసేవారు. కాలేజీకి కొత్త సుద్దముక్కలు వచ్చినా సరే, ఒకటి విరిచి ఊది నాలుకకి తగిలించి చూసేవారు. పురుగు పేరెత్తితే మాత్రం ఒళ్ళు తెలిసేది కాదు. ఒకసారి లైబ్రరీలో పుస్తకాలకి పురుగు పట్టిందని తెలిసి, ధాన్యం బస్తాల నెట్టుకి కప్పినట్టు బీరువాలకి టార్పాలిన్లు కప్పించి మందు బిళ్ళలు పెట్టించారు. కొన్నాళ్ళపాటు లైబ్రరీలోకి ఎవరూ వెళ్ళలేదు. అంతకుముందు వెళ్ళిన వాళ్ళూ లేరనుకోండి.

"కంప్యూటర్లు వస్తున్నాయండి" అన్నారాయన. "వాటికి పెద్ద గది కావాలంట, ఏసీ పెట్టాలంట. మీ హాలు ఇచ్చెయ్యాలండి. మెట్ల కింద గది ఉంది కదా, అందులో ఒక డిపార్ట్‌మెంట్ సామాను పడుద్ది. రెండోది మా మిల్లు గోడౌన్లో పెట్టిద్దాం. ఏం ఇబ్బంది ఉండదండి, తవుడు బస్తాల పక్కన చల్లగా ఉంటాయి."

తవుడు బస్తాల పక్కన అంటే ఎలకల పక్కన. నా బీరువాలో ఎండబెట్టి అంటించిన మొక్కల కాగితాలు, నాకంటే ముందు పనిచేసిన వాళ్ళు పోగు చేసినవి కూడా ఉన్నాయి. ఎలకలకి అది విందు భోజనం. మాస్టారి శలభాలైతే ఫలహారం కిందకి కూడా రావు. ఇద్దరం ఒకేసారి, "ఎవరిది గోడౌనుకండీ?" అని అడిగాం. మా జీవితంలో ఇద్దరం కలిసి పలికిన మొదటి మాట అదే.

కరస్పాండెంట్ గారు కాసేపు ఆలోచించి, ధాన్యం బేరంలాగే తేల్చేశారు. "చెరొకటి చూపించండి. మీ దగ్గరున్న వాటిలో గొప్పది. ఏది చూసి నేను నోరెళ్ళబెడితే ఆ డిపార్ట్‌మెంటుకి గది. సరేనాండీ?"

"ఆయ్, సరేనండి" అన్నారు మాస్టారు. నేను తల మాత్రం ఊపాను. అప్పటికే పళ్ళు బిగించి ఉన్నాను.

ఆ తర్వాత వచ్చిందే మా పిల్లల విజ్ఞానయాత్ర. ఏటా మన్యంలోని మారేడుమిల్లి వెళ్ళేవాళ్ళం. పిల్లలకి విజ్ఞానం అంటే వాగులో దిగడం, బస్సులో అంత్యాక్షరి. ఈసారి మాత్రం మా ఇద్దరికీ యుద్ధానికి వెళ్తున్నట్టే ఉంది. మాస్టారు వల, తెల్ల దుప్పటి, సీసాలు సర్దుకున్నారు. నేను సంచీ, చిన్న కత్తి పట్టుకున్నాను. రాజమండ్రి దాటి, కోరుకొండ దాటి, నేల ఎత్తవడం మొదలయ్యేసరికి ఇద్దరం చెరో కిటికీకి ముఖాలు అతికించేశాం.

అదృష్టం నాదయింది. ఘాట్ రోడ్డు పక్కన, గాలికి విరిగిపడ్డ కొమ్మ ఒకటి కనిపించింది. దాని నిండా బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ లైకెన్ కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా పట్టి ఉంది. అలాంటిది నేను పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. గట్టిగా అరిచాను. పిల్లలు పామనుకుని బస్సెక్కేశారు. మాస్టారు మాత్రం నెమ్మదిగా వచ్చారు, జేబులోంచి డబ్బా తీశారు, ఆ రెక్కని పట్టుకారుతో ఎత్తి నా కొమ్మకి ఆనించి పట్టుకున్నారు.

రెక్క మాయమైపోయింది. ఆ రంగే, ఆ మచ్చలే, అంచున ఆ నల్లటి నూగే. ఎక్కడ లైకెన్ అయిపోయిందో, ఎక్కడ రెక్క మొదలైందో నాకు తెలియలేదు. అయినా నేను ఊరుకుంటానా?

"మీ శలభం నా లైకెన్‌ని చూసి కాపీ కొట్టిందండీ" అన్నాను.

"కాపీ కాదమ్మా, బతుకుతెరువు. పిట్ట కంట పడకుండా ఉండాలి కదా."

"పరీక్ష హాల్లో పట్టుబడ్డ వాళ్ళు కూడా ఇదే అంటారండీ."

"నీ లైకెన్ ఏళ్ళకేళ్ళు బతుకుద్ది, ఒప్పుకుంటాను. బతికి ఏం చేసింది? కూర్చున్న చోటే కూర్చుంది. నా శలభం నాలుగు రోజులే బతికినా, ఆ నాలుగు రోజులూ ఎగిరింది."

"ఎగిరి ఎక్కడికెళ్ళిందండీ? లైటు దగ్గరికెళ్ళి తల బాదుకుంది. కొన్ని శలభాలకి నోరే ఉండదంటారు, మరి మీకెలా వచ్చింది ఇంత నోరు?"

మా గొడవ బస్సులోకి కూడా వచ్చేసింది. అంత్యాక్షరి ఆగిపోయింది. ఎడమ వరస సీట్లు లైకెన్ పార్టీ, కుడి వరస శలభం పార్టీ. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ, తనకైతే రెండూ తెలియవు కానీ మేడం గారు బాగా మాట్లాడుతున్నారని తీర్పు చెప్పాడు.

మాస్టారికి మాత్రం శలభం దొరకలేదు. గెస్ట్ హౌస్ దగ్గర దుప్పటి కట్టి లైటు పెట్టించారు. తెల్లారేసరికి బాత్రూం గోడల మీద కూడా వెతుకుతూ కనిపించారు. మామూలు రకాలే వచ్చాయి. తిరుగు ప్రయాణంలో ఆయన జేబు తడుముకుంటూ బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన ఓడిపోతుంటే నాకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. లేదు. ఒళ్ళు మండింది. పోట్లాడే మనిషి ఇలా మెత్తబడిపోతే నేనెవరితో పోట్లాడాలి?

కొమ్మని తెచ్చి హాల్లో పెట్టాను. మా డెల్టా ఉక్కకి అది మాడిపోకుండా గాజు మూత కావాలి. ఉన్న గాజు సామాను ఒక్కటే, జువాలజీ వాళ్ళ పాత చేపల తొట్టి. అడగడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. మర్నాడు వెళ్ళేసరికి అది కడిగి తుడిచి నా బల్ల మీద ఉంది. "పగలగొట్టకమ్మా" అన్నారు బీరువా అవతలి నుంచి. నేను రోజూ కొమ్మ మీద నీళ్ళు చల్లి పైన తొట్టి బోర్లించేదాన్ని. కొమ్మకి అడుగు వైపు ఒక బుడిపె ఉండేది. లైకెన్ ఒత్తుగా పెరుగుతోందని మురిసిపోయాను.

చూపించాల్సిన రోజు వచ్చింది. కరస్పాండెంట్ గారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ముందు నేను. తొట్టి ఎత్తి పక్కన పెట్టి, రాత్రంతా బట్టీ పట్టిన ఉపన్యాసం ఎత్తుకున్నాను. బూజు, పాచి, కాపురం, కొండలు, మంచు, ఎక్కడో కానీ దొరకని రకం, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"రాతిపువ్వు కదాండీ ఇది?" అన్నారు చివరికి. "పలావులో వేస్తారు. మా ఇంట్లో డబ్బాడు ఉంది."

"ఆ జాతిదేనండి, కానీ ఇది వేరే రకం" అన్నాను నీరసంగా.

"చూద్దాం ఉండండి" అని చెయ్యి చాచి, ఏళ్ళ తరబడి నేను కలగన్న లైకెన్‌ని చిటికెడు తుంచేశారు. అరచేతిలో వేసి నలిపారు. ఉఫ్ మని ఊదారు. పంటి కింద వేసి కొరికారు. కళ్ళు మూసుకున్నారు. "తేమ ఉందండీ" అన్నారు.

నేను పొద్దున్న చల్లిన నీళ్ళే ఆ తేమ. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయనకి రుచి నచ్చినట్టుంది, ఇంకో చిటికెడు కోసం కొమ్మ మధ్యలో ఒత్తుగా ఉన్న చోటికి చెయ్యి చాచారు.

"ఆగండి!" అని కేక వినిపించింది. అప్పటిదాకా గోడ దగ్గర తన వంతు కోసం నిలబడ్డ మాస్టారు ఒక్క అంగలో వచ్చి కరస్పాండెంట్ గారి మణికట్టు పట్టుకున్నారు. ఆ కాలేజీలో ఆయన చెయ్యి పట్టుకుని ఆపిన వాళ్ళు అంతకుముందు లేరు. మేమందరం కొమ్మ వంక చూశాం. ఆయన తుంచబోయిన లైకెన్ ముక్క ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది.

"పురుగా?" అన్నారు కరస్పాండెంట్ గారు. ముఖం మారిపోయింది. మరో చేత్తో అప్పటికే కాలి చెప్పు తీసేశారు. "పురుగేనాండీ మాస్టారూ?"

మాస్టారు ఆ ముక్క వంక చూశారు. నేను ఆయన ముఖం వంక చూశాను. ఆ క్షణంలో నాకు అర్థమైంది అదేమిటో. ఆయన కుర్రతనం నుంచి జేబులో ఒంటి రెక్కగా మోసిన శలభం, నాలుగు రెక్కలతో, ప్రాణంతో, నా కొమ్మ మీద నడుస్తోంది. అవునండి, ఇదే నా శలభం అని ఆయన అనాలి. అనడానికే అక్కడికి వచ్చారు.

"కాదండి" అన్నారు మాస్టారు. "పురుగు కాదు. మేడం గారి లైకెన్‌లోదేనండి. కొన్నిటికి ఇలా కదిలే భాగం ఉంటాది."

"మొక్క నడుస్తాదాండీ?"

"అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకోదాండీ? అది ముడుచుకుంటాది, ఇది నడుస్తాది."

కరస్పాండెంట్ గారు చెప్పు కింద పెట్టారు. వంగి కొమ్మ దగ్గరికి ముఖం పెట్టారు. లైకెన్ ముక్క ఇంకో రెండు అడుగులు వేసి కూర్చుంది. ఆయన నోరు నెమ్మదిగా తెరుచుకుంది, అలాగే ఉండిపోయింది. "ఔను సుమండీ" అన్నారు చాలాసేపటికి. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "మరి మీరేం చూపిస్తారండీ?" అని అడిగారు.

"నా దగ్గర దీన్ని మించింది లేదండి" అన్నారు మాస్టారు.

గది బోటనీకి వచ్చింది. జీవితమంతా జువాలజీ చెప్పిన మనిషి, యూగ్లీనాని కూడా నాకు వదలని మనిషి, తన శలభాన్ని తీసుకెళ్ళి మొక్కల్లో కలిపేశారు.

కరస్పాండెంట్ గారి కారు కదిలే దాకా ఆగి అడిగాను. "అది మీ శలభమే కదండీ? ఎందుకు చెప్పలేదు?"

"చెబితే దాని మీద చెప్పు పడేది. ఆ తర్వాత నీ కొమ్మకి బిళ్ళలు పెట్టించేవాడు" అన్నారు, కొమ్మ మీద నుంచి కళ్ళు తియ్యకుండా.

"అయితే దాని కోసమేనా? నా కోసం కాదా?"

"నీకేమమ్మా, నీ మొక్క నడిచింది, నెగ్గింది" అని నవ్వారు.

అప్పుడు చెప్పారు. దాని గొంగళి లైకెన్‌నే తిని పెరుగుతుందట. ఆ ముక్కలే అంటించుకుని గూడు కట్టుకుంటుందట. నేను నీళ్ళు చల్లి మురిసిపోయిన బుడిపె అదే. "అంటే ఇది బోటనీ ఉప్పు తిని పెరిగిందన్నమాట" అన్నాను. అంత దగ్గర్లో సీసా ఉంది, సూదులున్నాయి. ఆయన చెయ్యి అటు వెళ్ళలేదు. "మొక్కకి సూది గుచ్చరు కదమ్మా" అన్నారు. అది బతికిన కొద్ది రోజులూ జువాలజీ పాఠాలన్నీ నా వైపు బల్ల దగ్గరే జరిగాయి.

సామాను మార్చే రోజున మిల్లు నుంచి ట్రాక్టరు వచ్చింది. మాస్టారు క్లాసులో ఉన్నారు. ఇద్దరు మనుషులు వచ్చి ఆయన పెట్టెలు ఎత్తబోతుంటే నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "అవి దించండి" అన్నాను. "ఆ టేబులు పట్టుకెళ్ళండి. ఆ కుర్చీ, ఆ బల్ల కూడా."

"అవి మీయి కదండీ మేడం గారూ? గోడౌనుకాండీ?"

"గోడౌనుకే. టేబులుని ఎలకలు తింటే కొత్తది అడుగుతాను."

మెట్ల కింద గదిలో నా బీరువా ఒక గోడకి, ఆయన బీరువా ఇంకో గోడకి పెట్టించాను. ఈసారి వీపులు కాదు, ముఖాలు ఎదురెదురుగా. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత చోటు మిగిలింది. కూర్చునే చోటు అసలు లేదు. పేపర్లు దిద్దడం వరండాలో పెట్టుకుందామనుకున్నాను.

గంట కొట్టాక మాస్టారు వచ్చారు. తన సామాను వెళ్ళిపోయి ఉంటుందని చూడటానికి వచ్చినట్టున్నారు. చేతిలో గొడుగు పట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయారు. లోపల తన బీరువా చూశారు, నా టేబులు ఎక్కడా లేకపోవడం చూశారు, మళ్ళీ లోపలికి చూశారు. అయినా గడప దాటలేదు.

"ఏంటండీ అక్కడే నిలబడ్డారు?" అన్నాను విసురుగా.

"నీ గది కదమ్మా" అన్నారు. "నువ్వు రమ్మనాలి."

అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. రండి అందామంటే కళ్ళు నిండిపోయాయి. గబగబా గుమ్మంలోకి వెళ్ళి ఆయన చేతిలో గొడుగు లాక్కుని, తెచ్చి నా బీరువా పైన పెట్టేశాను. గొడుగు లేకుండా ఇంటికెళ్ళే మనిషి కాదు కాబట్టి, చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.